పదకొండో డబ్బా

కర్నూలు పాత బస్టాండు దగ్గర ఎండాకాలం సాయంత్రాల్లో మల్లెపూల బండ్లు వరుసగా నిలబడతాయి. నా భార్య మూర ఎంతని బేరమాడుతున్నంతసేపూ నేను కాస్త ఎడంగా నిలబడతాను. ఆ వాసన మిగతావాళ్లకు ఏమేం గుర్తుకు తెస్తుందో ఊహించగలను. నాకు మాత్రం ఇంక్యుబేటర్ తలుపు తెరిచినప్పుడు ముఖానికి తగిలే వెచ్చటి గాలి గుర్తొస్తుంది. పేగుల్లో బతికే బ్యాక్టీరియాను గాజుకుప్పెలో పెంచితే ఒక వాసన వస్తుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేనూ మూసుకున్నాను. అప్పుడు మహబూబ్‌బీ మేడం ఆ కుప్పెను నా చేతిలోంచి తీసుకుని, ముఖానికి దూరంగా పట్టి, చేత్తో గాలిని తన వైపు విసురుకుని వాసన చూసి, "ఇది మల్లెపువ్వు వాసనేనప్పా. కాకపోతే శానా ఎక్కువైంది, అంతే" అన్నారు. హాస్యానికి అన్నారనుకున్నాను. తర్వాత పుస్తకంలో చూస్తే నిజమే. ఆ కుప్పెలో కంపు కొట్టే పదార్థమే మల్లెపూలలోనూ ఇసుమంత ఉంటుందట.

ఇది చదివేవాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు ఉండకపోవచ్చు. కర్నూలులో ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో ఆమె మైక్రోబయాలజీ ప్రొఫెసర్. పత్రికల్లో ఫొటో పడిన మనిషి కాదు. సొంతూరు కడప వైపు, మంగంపేట దగ్గర. తండ్రి ముగ్గురాయి గనిలో పనిచేసేవాడు. ఆ రాయిలో ఎక్కువ భాగం చమురుబావులు తవ్వేవాళ్లకు పోతుంది కానీ, పేగుల ఎక్స్‌రే తీసేముందు రోగితో తాగించే తెల్లటి బేరియం ద్రవానికి కూడా మూలం అదే. "మా నాయన రాయి తవ్వి జనాల పేగులు సూపించినాడు. నేను పురుగుల్ని మేపి సూపిస్తాండా. ఇంటి పని వదల్లేదు" అనేవారు. నూలు చీర, కుడిచేతికి గడియారం, మధ్యాహ్నం ఏదో ఒక సమయంలో తలుపు దగ్గరగా వేసుకుని నమాజు, ఆ వెంటనే గుప్పెడు వేయించిన చెనక్కాయలు. ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. తప్పు చేసినవాడిని ప్రశ్నలు మాత్రం అడిగేవారు, ఒకదాని తర్వాత ఒకటి, మామూలుగా. తిట్టించుకోవడమే మేలనిపించేది.

నేను ఎమ్మెస్సీ అయిపోయి, హైదరాబాదులో మందుల కంపెనీ ఉద్యోగం వస్తుందని ఏడాది ఎదురుచూసి, రాకపోతే ఆమె దగ్గరికి వెళ్లాను. మాది నందికొట్కూరు దగ్గర పొలాలున్న ఇల్లు. ఇంట్లో అందరూ నన్ను ఇంకా ఏదో గొప్పవాడిగానే చూస్తున్నారు. ప్రాజెక్టు అసిస్టెంటు ఉద్యోగానికి ఆమె అడిగిన ప్రశ్నల్లో చదువుకు సంబంధించినవి తక్కువ.

"ఈడ పని ఏందో తెలుసా?" అన్నారు. "జనం దొడ్డికి పోయింది డబ్బాల్లో వస్తాది. పొద్దున్నే నువ్వు దాన్ని తీసి తూకం ఎయ్యల్ల."

"పర్లేదు మేడం."

"పర్లేదు అనేటోళ్లు వారం తిరక్కముందే పోతారప్పా. కంపు అని ఒప్పుకునేటోళ్లే నిలబడతారు. ఇప్పుడు చెప్పు."

"కంపే మేడం."

"అట్లయితే రేపట్నుంచి రా."

ఆమె దగ్గర ఒప్పుకున్న మాట ఇంట్లో ఒప్పుకోలేకపోయాను. మా అమ్మకు రక్తపరీక్షల పని అని చెప్పాను. అమ్మ ఊళ్లో అందరికీ అదే చెప్పింది. కొన్నాళ్లకు మా పెదనాన్న షుగరు పరీక్ష చేయమని వేలు చాపుకుని వచ్చాడు. అప్పుడు కూడా నిజం చెప్పలేదు. ఎక్కడో షుగరు పరీక్ష చేయించి కాగితం తెచ్చి ఇచ్చాను. చిన్న అబద్ధమే. అడిగితే ఇబ్బందయ్యే చోట అడగకుండా, చెప్తే చిన్నతనమయ్యే చోట చెప్పకుండా నెట్టుకుపోయే గుణం నాలో మొదటినుంచీ ఉంది. దాని సంగతి చెప్పకుండా ఆమె గురించి రాయలేను.

మా పని ఏమిటో కాస్త వివరించాలి. మనిషి పేగుల్లో ఏ హానీ చేయకుండా బతికే ఒక రకం బ్యాక్టీరియాను తీసుకుని, దాని జన్యువుల్లో మేడం రెండు మార్పులు చేశారు. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తగిలితే అది పసిగడుతుంది. పసిగట్టగానే మిణుగురు పురుగులా వెలుగుతుంది. పేగులో ఎక్కడైనా పుండో, వాపో, గడ్డో ఉంటే అక్కడినుంచి రక్తం కొంచెం కొంచెంగా కారుతుంది. మలంలో అది మన కంటికి ఆనదు. ఆ బ్యాక్టీరియాకు ఆనుతుంది. ఏదో ఒకరోజు రోగి దీన్ని మాత్రలాగా మింగితే, అది పేగు పొడవునా ప్రయాణించి, దారిలో ఏం చూసిందో బయటికి వచ్చి చెప్పాలని చాలాచోట్ల ప్రయత్నాలు జరుగుతున్నాయి. మేం మింగించేదాకా పోలేదు. మాది దానికి తొలిమెట్టు. గాజుగొట్టంలో కాస్త మలం కలిపిన నీళ్లు, అందులో మా బ్యాక్టీరియా, మరుసటిరోజు వెలిగిందా లేదా అని చూడటం. మేం పెట్టే ఒక ప్రత్యేకమైన ఆహారం లేకపోతే బతకకుండా కూడా దాన్ని మార్చారు. పొరపాటున బయటపడినా వృద్ధి కాదు. "పలుపు లేకుండా గొడ్డును ఊర్లోకి ఇడుస్తామా?" అనేవారు. ఆమె నోట బ్యాక్టీరియా ఎప్పుడూ గొడ్లే. పొద్దున రాగానే అడిగే మొదటి మాట, "గొడ్లకు మేత ఏసినావా?"

ఆ వెలుగు చాలా సన్నగా ఉండేది. కొలిచే యంత్రం మా దగ్గర ఉంది. అయినా ముందు కళ్లతో చూడాల్సిందేనని ఆమె పట్టుదల. అందుకోసం వడ్రంగి చేత ఒక చెక్కపెట్టె చేయించి, ముందువైపు మందపాటి నల్లగుడ్డ కొట్టించారు. గొట్టాల వరుసను లోపల పెట్టి, గుడ్డ కింద తల దూర్చి, చీకటికి కళ్లు అలవాటయ్యేదాకా ఓపిగ్గా ఉండాలి. మెల్లగా ఏదో ఒక గొట్టం నీలంగా తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు కంపు మరిచిపోయాను.

రోగుల నమూనాలతో పోల్చడానికి ఆరోగ్యవంతుల నమూనాలు కావాలి. వాటికి మేడం బయటివాళ్లను పట్టుకోలేదు. "మనది మనం ఇయ్యకుండా ఊరోళ్లను అడిగితే ఏం మర్యాద?" అని తనతోనే మొదలుపెట్టారు. ల్యాబులో ఉన్నవాళ్లందరం, అటెండరు మద్దిలేటితో సహా, ప్రతి సోమవారం ఒక డబ్బా ఇవ్వాలి. ఎవరి డబ్బా ఏదో పరీక్ష చేసే నాకు తెలియకూడదు కాబట్టి, డబ్బాలు తీసుకుని నంబర్లు వేసే పని ఆమె పెట్టుకున్నారు.

మొదటి నెలల్లోనే చిక్కు వచ్చింది. ఆరోగ్యవంతుల గొట్టాల్లో సగం వెలిగాయి, అవి కూడా బల్బులు వేసినట్టు. మేడం నీళ్లను అనుమానించారు. గాజుగొట్టాలను అనుమానించారు. చివరికి తాను చేసిన జన్యుమార్పునే అనుమానించి, వారాల తరబడి మొదటినుంచి మళ్లీ చేశారు. ఆ రోజుల్లో ఒక ఆదివారం ఇంట్లో సంకటి ముద్ద ముందు కూర్చుని ఉన్నాను. అమ్మ పక్కన నల్ల వేయించి పెట్టింది. మేకను కోసినప్పుడు పట్టిన నెత్తురును ఉడికించి, ముక్కలు చేసి, కారం వేసి వేయిస్తే అదే నల్ల. మావైపు ఆదివారం అది మామూలు. చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ఇంత చిన్న సంగతి నాకు అంతవరకూ తట్టలేదు.

తట్టిన తర్వాతైనా చెప్పాలి కదా. చెప్పలేదు. రక్తం తినడం ఆమె మతంలో నిషిద్ధం. ఆమె ముందు ఆ ప్రస్తావన తేవడం మర్యాద కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది మర్యాద కాదు. నేను తినేది తెలిస్తే ఆమె ముఖం ఎలా మారుతుందోనన్న భయం. ఆమె తన పనిని తానే విప్పి మళ్లీ కుట్టుకుంటూ ఉంటే, నేను పక్కన నిలబడి సూది అందించాను.

చివరికి ఒక సోమవారం టీ తాగేటప్పుడు ఆమె అందరినీ అడిగారు. "నిన్న ఎవరేం తిన్న్యారో ఒక్కొక్కరే చెప్పండి. సిగ్గుపడేదేం ల్యా."

మద్దిలేటి ముందుగా అందుకున్నాడు. "సంకటి, నల్ల ఏపుడు మేడం."

"నల్లా? ఆదివారం ఆదివారమూనా?"

"మేకను కోసినప్పుడల్లా మేడం. పారబోస్తామా? ఎర్రగడ్డలు సన్నంగా తరిగి, పచ్చిమిరక్కాయలు ఏసి..."

"వొద్దులే, వొండేది చెప్పొద్దు" అని ఆమె చెయ్యి అడ్డం పెట్టి, చీర కొంగు నోటికి పెట్టుకుని నవ్వారు. టీ గ్లాసు ఒలికింది. "పాపం, మన గొడ్లు ఏం తప్పు జేసినాయప్పా? నెత్తురు ఉండాది అని చెప్పినాయి. ఉండాది. అది మనిషిదో మేకదో వాటికెట్ల తెలుస్తాది?"

అందరం నవ్వాం. అందరూ వెళ్లాక ఆమె నా వైపు తిరిగారు. "నువ్వు నందికొట్కూరోనివి గదా శివా. నీకు తెలీదా?"

"తెలుసు మేడం. మీ ముందర ఎట్ల చెప్పేదని..."

"రక్తం తినగూడదని మాకు. రక్తం గురించి మాట్లాడగూడదని యాడ ఉండాది?"

ఆ రోజు నుంచి నియమం మారింది. డబ్బా ఇచ్చేముందు మూడు రోజులు మాంసం ముట్టకూడదు. ఎవరి గొట్టమైనా వెలిగితే, ఆ నంబరు ఆమెకు చెప్పి, వారం ఆగి మళ్లీ పరీక్ష చేయాలి. మా గొట్టాలు చీకటిగా ఉండసాగాయి. రోగుల గొట్టాలు వెలిగాయి. మా పని దారిలో పడింది.

ఆ మరుసటి ఎండాకాలం వచ్చేసరికి ల్యాబులో నేను పాతవాణ్ణయ్యాను. పాతబడిన కొద్దీ నాకన్నీ తెలుసుననే ధైర్యం వచ్చింది. డబ్బాల మీద నంబర్లే ఉన్నా, ఏది ఎవరిదో ఊహించడం ఒక ఆటగా పెట్టుకున్నాను. పదకొండో డబ్బా ఎప్పుడూ అన్నిటికంటే చివర వచ్చేది. ఆలస్యంగా వచ్చేవాడు మద్దిలేటి ఒక్కడే. కాబట్టి పదకొండు మద్దిలేటిది. ఎవరినీ అడగలేదు, అడగకూడదు కూడా. మనసులో రాసేసుకున్నాను.

ఒక సోమవారం పెట్టిన పదకొండో గొట్టం మంగళవారం నల్లగుడ్డ కింద కొంచెం వెలిగింది. ఎక్కువ కాదు, ఉందా లేదా అన్నట్టు. బయటికి వచ్చి, చేతులు కడుక్కుంటున్న మద్దిలేటిని నవ్వుతూ పలకరించాను. "ఏం మద్దిలేటీ, ఆదివారం నల్ల బాగా కుదిరిందా?"

"లేద్సార్. మాంసం ముట్టి శానా దినాలైంది."

"నాకు చెప్పకయ్యా. గొట్టం చెప్తాంది."

"మద్దిలేటి సామి తోడు సార్, ముట్టల్యా."

"సామిని ఎందుకులే మధ్యలోకి లాగుతావు" అని నేను వెళ్లిపోయాను. కులదైవం మీద ఒట్టు వేసిన మనిషిని, ఆ దేవుడి పేరే పెట్టుకున్న మనిషిని, నేను అబద్ధాలకోరుగా లెక్కగట్టి నవ్వుకున్నాను. పదకొండు ఎదురుగా 'పథ్యం తప్పింది' అని రాసి పక్కన పెట్టాను. మేడంకు నంబరు చెప్పాలన్న నియమం గుర్తుంది. కానీ కడపలో సదస్సుకు పంపాల్సిన వ్యాసం మీద ఉన్నాం. ఒక్క మనిషి తిండి కోసం వారం ఆగడమెందుకు అనిపించింది. మళ్లీ పరీక్ష చేయలేదు. ఆ తర్వాతి సోమవారాల్లోనూ పదకొండు సన్నగా వెలుగుతూనే ఉంది. ప్రతిసారీ అదే మాట రాశాను. మేడంకు ఇచ్చిన లెక్కలో 'ఒకటి తీసేశాం' అని మాత్రం ఉంది. ఆమె చూసి తల ఊపారు.

అదే సమయంలో ఆమె మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగడం మొదలుపెట్టారు. ల్యాబు రెండో అంతస్తులో. మొదటి మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడేవారు. రంజాను నెల అది. ఎండ చెప్పనలవి కాకుండా ఉంది. నేను నీళ్లు తెస్తానంటే, "రోజా ఉండానప్పా. నీళ్లు తెచ్చి నా ముందర ఊరిస్తావా?" అన్నారు. ముఖం పాలిపోయి ఉంది. ఉపవాసాలు కదా అనుకున్నాను. పండుగ దాటింది, ఖీర్ తెచ్చి అందరికీ పంచారు, మెట్ల మీద ఆగడం మాత్రం ఆగలేదు. దానికి ఎండలనుకున్నాను. ఏది చూసినా నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉండేది.

వానలు పడ్డాక కళాశాలలో రక్తదాన శిబిరం పెట్టారు. ప్రతి ఏడూ మొదట పడుకునేది ఆమే. ఆ ఏడు వేలిచుక్క చూసిన నర్సమ్మ వద్దంది. మేడంకు ఒంట్లో రక్తం సగానికి సగం తక్కువగా ఉంది. ఆమె డాక్టరు. ఆ వయసు మనిషికి కారణం లేకుండా రక్తం తగ్గితే ముందు ఎక్కడ వెతకాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ వారంలోనే కెమెరా ఉన్న గొట్టం వేసి పేగు చూశారు. కుడివైపు పెద్దపేగులో గడ్డ. ముక్క పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది.

ఆపరేషనుకు ముందురోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ల్యాబుకు వచ్చారు. సెలవులో ఉన్న మనిషి, మామూలుగానే కోటు వేసుకున్నారు. "గొడ్లు మేసినాయా?" అని అడిగారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, "నంబరు బయటపెట్టగూడదు గానీ, ఇప్పుడు దాసి ఏం లాభం? నాది పదకొండు. ఫ్రీజర్లో ఎండాకాలం నుంచి ఉండే పదకొండ్లన్నీ తియ్యి" అన్నారు.

డబ్బాలు తీసుకుని నంబర్లు వేసే మనిషి తన డబ్బా అందరి తర్వాతే కదా పెడుతుంది. అంత సులువైన సంగతి. అన్నీ తీశాను. గొట్టాలు సిద్ధం చేశాం, ఇద్దరం పక్కపక్కన కూర్చుని. మరుసటిరోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చి, నల్లగుడ్డ కింద తల దూర్చారు.

"ఎంత బాగా వెలుగుతాండాయో సూడప్పా" అని లోపలినుంచి వినబడింది.

నేను చూశాను. మొదటిది సన్నగా, తర్వాతది కాస్త ఎక్కువ, అలా వరుసగా, చివరిది బాగా. గుడ్డ కింద ఆమె ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. ఆ సన్నటి వెలుగులో ఆమె నిజంగా సంతోషపడుతున్నారు. నటన కాదు. కొన్నేళ్లు నమ్మి చేసిన పని సరిగ్గా చేసిందని తెలిస్తే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. "మన గొడ్లు మొదట్లోనే చెప్పినాయి. మనమే ఇనల్యా."

బయటికి వచ్చాక చెప్పాను. పదకొండు మద్దిలేటిదనుకున్నానని, నల్ల తిన్నాడనుకున్నానని, అతను ఒట్టేసినా నమ్మలేదని, మళ్లీ పరీక్ష చేయలేదని, నంబరు ఆమెకు చెప్పలేదని. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"అనుకున్నావు" అన్నారు.

"అవును మేడం."

"తీసేసింది ఏ నంబరని నేను కూడా అడగల్యా. అడిగుంటే సాలు." తర్వాత అడిగిన ప్రశ్న నేను ఎదురుచూసింది కాదు. "మద్దిలేటి ఒట్టేసినాడంటివే. ఆయప్పకు చెప్పినావా?"

నా తప్పు ఆమె ప్రాణానికి సంబంధించినదని నేను కుంగిపోతుంటే, ఆమెకు ముందు గుర్తొచ్చింది నేను అబద్ధాలకోరుగా చూసిన మనిషి.

మద్దిలేటి ఆటోక్లేవు దగ్గర ఉన్నాడు. ఆ రోజు మిగిలిన గొట్టాల్లోని బ్యాక్టీరియాను ఉడికించి చంపే పని అతనిది. చెప్పాను. అతను మూత బిగించడం ఆపలేదు. "దేవుని మీద ఒట్టేస్తే నమ్మకపోతివి. ఇప్పుడు గొట్టం చెప్పినాక నమ్మినావా సార్?" అన్నాడు. తర్వాత, "నన్ను అన్న్యందుకు కాదు సార్. ఆ దినం నువ్వు నా మాట నమ్మింటే, మరి ఇది ఎవరిది అని ఎతికేవాడివి గదా" అన్నాడు. మూత సరిగా పడిందా అని ఇద్దరం చూశాం.

ఆపరేషను బాగా జరిగింది. మందులు వాడుతూనే ఆమె కడప సదస్సు వ్యాసం సరిచేశారు. నేను రాసిన ప్రతిలో ఒక వాక్యం ఉంది: సాంకేతిక కారణాల వల్ల ఒకరి ఫలితాలను మొదట లెక్కలోకి తీసుకోలేదు. ఆమె దాని కింద గీత గీసి నన్ను పిలిపించారు. అప్పటికి జుట్టు ఊడి, తలకు గుడ్డ కట్టుకుని ఉన్నారు.

"ఏం సాంకేతిక కారణమప్పా? కరెంటు పోయిందా?"

"లేదు మేడం."

"ఫ్రిజ్జు చెడిపోయిందా?"

"లేదు మేడం."

"మరి ఏమైంది?"

"నాది ఊహ మేడం. ఎవరిదో తెలుసనుకున్నా."

"అదే రాయి. రేపు ఇంగో ఊర్లో ఇంగొకడు ఇట్లే అనుకుంటాడు. వానికి పనికొస్తాది. సాంకేతిక కారణం ఎవరికి పనికొస్తాది?"

ఆ పూట ఇంటికి వెళ్లి ఆ వాక్యం ఎన్నో రకాలుగా రాశాను. ప్రతిసారీ ఏదో ఒక మూల నన్ను నేను దాచుకునే చోటు మిగిలేది. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులు. పెద్ద ల్యాబులకు దరఖాస్తులు పెట్టుకున్న రోజులు. ఈ మాట నా పేరుతో అచ్చయితే ఎవరు తీసుకుంటారు? ఆమె బలవంతపెట్టలేదు. వ్యాసం పంపే అధికారం ఆమెది, ఆ వాక్యం తానే మార్చి పంపేయగలరు. మార్చలేదు. నా కోసం ఆగారు. గడువు దగ్గరపడుతున్నా అడగలేదు. చివరికి రాసిచ్చాను: నమూనా ఎవరిదో నాకు తెలుసనుకుని, మళ్లీ పరీక్షించకుండా, ఆ ఫలితాన్ని నేను పక్కనపెట్టాను. ఆ నమూనా క్యాన్సరు ఉన్న మనిషిది. ఆమె చదివి, కామా ఒకటి తీసేసి, పంపేశారు.

కడపలో మాట్లాడే వంతు నాది. చిన్న హాలు, ఫ్యాన్ల చప్పుడు. ముందు వరుసలో ఆమె. ఆ నమూనా ఎవరిదో చాలామందికి తెలుసు. ఆ వాక్యం చదివాను. ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. నియమాల గురించి అడిగారు, ఖర్చు గురించి అడిగారు, ఆ వాక్యం గురించి మాత్రం ఎవరూ అడగలేదు. గండం గడిచిందనుకున్నాను. తిరుగుప్రయాణంలో కారు మైదుకూరు దాటాక, నిద్రపోతున్నారనుకున్న మనిషి కళ్లు తెరవకుండానే అన్నారు.

"బాగానే చెప్పినావు గానీ, ఆ ఒక్క మాట కాడ గొంతు తగ్గించినావు. వెనకోళ్లకు ఇనపడలేదు."

"ఎందుకో అట్లయింది మేడం."

"ఎందుకో నాకు తెలుసులే. మళ్లీ చెప్పేటప్పుడు తగ్గించొద్దు. ఇనాల్సింది వెనకోళ్లే."

జబ్బు తిరగబెట్టింది. రెండోసారి కాలేయానికి వచ్చింది. ఆమె మంగంపేట పక్కన తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు, అక్కడే పోయారు. మేమందరం వెళ్లాం. వరుసలో నిలబడి నేనూ మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. ముగ్గురాయి నేల, తెల్లగా పొడిపొడిగా ఉంది. మద్దిలేటి నా వెనకే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

ఆ కొన్ని నెలలు ముందే తెలిసి ఉంటే ఆమె బతికేవారా అని ఆపరేషను చేసిన డాక్టరును ఒకసారి అడిగాను. కాదు అంటాడని ఆశపడి అడిగాను. ఆయన నిజాయితీపరుడు. "బతికుండొచ్చు, బతక్కపోయుండొచ్చు. ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఆ జవాబుతోనే రోజులు గడుపుతున్నాను. శిక్ష పడినవాడికి ఒక లెక్క ఉంటుంది. విడుదలైనవాడికి ఒక లెక్క ఉంటుంది. నాకు ఈ రెండూ లేవు. మొదట్లో రాత్రింబవళ్లు అదే తొలిచేది. ఇప్పుడు తొలచడం లేదు కానీ పోనూ లేదు, మానిన ఎముక వాన పడేముందు సలిపినట్టు ఉంటుంది.

పెద్ద ల్యాబులకు నేను పోలేదు. ఆమె గదిలోనే, ఆమె పనిలోనే ఉండిపోయాను. ఆ బ్యాక్టీరియా ఇప్పుడు ఇంకొన్ని కళాశాలల్లో పరీక్షలకు వెళ్లింది. ఆసుపత్రుల్లోకి రావడానికి ఇంకా చాలా దూరముంది, మింగే మాత్రగా మారడానికి ఇంకా దూరముంది. ఏ గొట్టం వెలిగినా వారం ఆగి మళ్లీ చేస్తాం. తిండి ఏమిటని ముఖం మీదే అడుగుతాం. మా అమ్మకు నేను చేసే పని ఏమిటో చెప్పాను. "అదేం పనిరా నాయనా" అని ముక్కు మూసుకుని, కాసేపటికి, "మరి నాది కూడా చూస్తావా?" అంది. చూశాను. చీకటిగానే ఉంది.

ప్రతి ఏడూ కొత్త విద్యార్థులు వస్తారు. మొదటి వారంలోనే వాళ్లను కూర్చోబెట్టి, ఎండాకాలం మొదలుకుని కడప దాకా అంతా చెప్తాను. ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకు తెలియకుండానే కిందికి దిగుతుంది. దిగిందని చెప్పేసిన తర్వాతే తెలుస్తుంది. ఈ ఏడు అలా చెప్పి ముందుకు పోతుంటే, వెనక బెంచీలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఆ ముక్క ఇనపళ్లేదు. మళ్లీ చెప్తారా?"

మళ్లీ చెప్పాను.